హాట్‌రాడ్ పికప్ అమ్మకం: వేలమా, షోరూమా, నేరుగా బేరమా?

1951 నాటి షెవ్రొలే 3100 పికప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే దాని ధర తేల్చడం అంత కష్టమేమీ కాదు. హ్యాగర్టీ లాంటి ఇన్సూరెన్స్ కంపెనీ కండిషన్‌ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడులు పెట్టి, దేనికెంతో చెబుతుంది. అదే బండిలో పాత ఆరు సిలిండర్ల ఇంజిన్ పీకేసి వీ8 పెట్టి, ముందు ఇరుసు మార్చి, బాడీని నేలకి దగ్గరగా దించి, ఓనరు మెచ్చిన నారింజ రంగు కొట్టాక ఆ గ్రేడులు పెద్దగా అక్కరకు రావు. ఇప్పుడది హాట్‌రాడ్, అంటే ఒక మనిషి ఇష్టప్రకారం తయారైన బండి. అదే ఇష్టం ఉన్న ఇంకో మనిషి తగిలితేనే డబ్బు.

అమెరికాలో ఇలాంటి బండి అమ్మడానికి నాలుగైదు దారులున్నాయి. అక్కడ స్థిరపడిన మనవాళ్లెవరైనా మోజుపడి కొనుక్కుని, ఇప్పుడు గ్యారేజీ ఖాళీ చేయాలనుకుంటే వాళ్లకీ ఇవే దారులు. చాలామంది మొట్టమొదట కమిషన్ ఎంతని ఆరా తీస్తారు. అంతకంటే ముందు మీ బండి ఏ రకమో మీకు తెలియాలి. దారి దాన్నిబట్టే తేలుతుంది.

బండి ఏ రకం?

హాట్‌రాడ్ దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన పిచ్చి. 1930లలో కుర్రాళ్లు చవగ్గా దొరికిన పాత ఫోర్డులు కొని, బరువు తగ్గించి, ఇంజిన్ బలం పెంచి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పరిగెత్తించేవాళ్లు. పికప్ మాత్రం చాలాకాలం రైతులూ ప్లంబర్లూ సామాన్లేసుకుని తిరిగే బండిగానే ఉంది. ఇవాళ దానికి సొంత అభిమానులున్నారు. వాళ్లలో ఎక్కువమంది వెతికేవి మూడు: 1947-55 షెవ్రొలే అడ్వాన్స్ డిజైన్, 1953-56 ఫోర్డ్ ఎఫ్-100, 1967-72 షెవ్రొలే సీ10. మూడింటికీ కొత్త విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి కొనేవాడికి భయం తక్కువ. అడ్వాన్స్ డిజైన్‌లో వెనక మూలల్లో కూడా అద్దాలుండే ఐదు కిటికీల క్యాబ్‌కి గిరాకీ ఎక్కువ. ఎఫ్-100లలో 1956 మోడల్‌ని ప్రత్యేకంగా అడుగుతారు. ముందు అద్దం రెండు పక్కలకీ ఒంపు తిరిగి ఉండే రూపం ఆ బాడీకి ఆ ఒక్క ఏడాదే వచ్చింది.

ఇక మార్పుల సంగతి. అసలు షెవ్రొలే 3100లో ఉన్నది 216 క్యూబిక్ ఇంచుల ఇంజిన్, సుమారు 90 హార్స్‌పవర్, 6 వోల్టుల కరెంటు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఈనాటి హైవే మీద దాన్ని నడపడం సరదా కంటే టెన్షనే ఎక్కువ. అందుకే నడపడానికి సుఖాన్నిచ్చే మార్పులకి కొనేవాడు డబ్బు పెడతాడు: 12 వోల్టుల వైరింగు, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగు, ఏసీ, 1970ల మస్టాంగ్ టూ తరహా ముందు సస్పెన్షన్, హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే ఓవర్‌డ్రైవ్ గేరున్న గేర్‌బాక్సు. ఇంజిన్ 350 క్యూబిక్ ఇంచుల పాత షెవ్రొలే వీ8 అయితే ఏ ఊరి మెకానిక్కైనా బాగుచేస్తాడు. జీఎం కంపెనీ కొత్త తరం వీ8 అయిన ఎల్ఎస్ అయితే కుర్రకారు ఇంకాస్త ఎక్కువిస్తారు.

కొన్ని మార్పులు కొనేవాళ్ల సంఖ్యనే తగ్గిస్తాయి. పైకప్పు కోసి కిందికి దించిన క్యాబ్ ఫొటోలో అదిరిపోతుంది, ఆరడుగుల మనిషి ఎక్కితే తల తగులుతుంది. పుర్రెలు, మంటలు గీసిన పెయింటుకి ఎంత ఖర్చు పెట్టినా, కొనేవాడు దాన్ని చెరపడానికయ్యే ఖర్చు లెక్కేసుకుంటాడు. అన్నిటికంటే చిక్కైనది పాత బాడీని తెచ్చి ఎస్-10 లాంటి కొత్త ట్రక్కు ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం. నడక బాగుంటుంది గానీ కాగితాల దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. ఆ విషయం కింద చెబుతాను.

ఇవన్నీ చూసుకుని మీ బండిని మూడు గుంపుల్లో ఒకదాంట్లో పెట్టండి. పేరున్న షాపు కట్టి, ప్రతి పనికీ బిల్లున్నది మొదటిది. ఇంటి గ్యారేజీలోనో ఊళ్లో తెలిసిన షెడ్డులోనో కట్టిన, వారాంతాల్లో ధైర్యంగా నడుపుకోగలిగేది రెండోది. అమ్మకానికొచ్చేవాటిలో ఎక్కువ ఇవే. సగంలో ఆగిపోయింది మూడోది. మీ బండి మొదటి గుంపులోదని మీకు అనిపించడం సహజం. సంబంధం లేని మెకానిక్‌తో ఒకసారి చూపించుకుని అప్పుడు తేల్చండి.

40,000 డాలర్ల లెక్క

పోలిక సులువుగా ఉండాలని ఒక కొనుగోలుదారుణ్ని ఊహించుకుందాం. అన్నీ కలిపి అతని చేతిలో 40,000 డాలర్లే ఉన్నాయి.

స్టేజి మీద జరిగే వేలంలో కొన్నవాడి దగ్గర సాధారణంగా 10 శాతం బయర్స్ ప్రీమియం తీసుకుంటారు. అంటే అతను పాడగలిగేది సుమారు 36,360 డాలర్లు. అందులో అమ్మినవాడి కమిషన్ ఉదాహరణకి 8 శాతం అనుకుంటే మిగిలేది 33,450. ఎంట్రీ ఫీజు, ట్రైలర్ మీద బండి చేర్చే ఖర్చు, హోటలు దాంట్లోంచే పోవాలి. షోరూములో కన్సైన్‌మెంటుకి, అంటే మీ తరఫున అమ్మిపెట్టమని ఇచ్చి 10 శాతం ఇస్తే మీకు 36,000. బ్రింగ్ ఎ ట్రైలర్ తరహా ఆన్‌లైన్ వేలంలో కొన్నవాడు 5 శాతం కట్టుకుంటాడు కాబట్టి పాట 38,100 దాకా వెళ్తుంది. అమ్మేవాడికి మామూలు లిస్టింగు ఫీజు 99 డాలర్లే, కాబట్టి దాదాపు 38,000 చేతికొస్తుంది. నేరుగా అమ్మితే 40,000కి 40,000.

కాగితం మీద నేరుగా అమ్మడమే గెలిచింది. అయితే ఈ లెక్కలో నాలుగు చోట్లా ఒకే మనిషిని కూర్చోబెట్టాం. నిజానికి మీ ఊళ్లో 1951 పికప్ కోసం 40,000 పట్టుకుని ఎదురుచూసే మనిషి ఉండకపోవచ్చు. ఉన్నా అతనొక్కడే అయితే 33,000 నుంచి బేరం మొదలుపెడతాడు. వేలంలో ధరని పెంచేది రెండో మనిషి. మీ బండికి ఆ రెండో మనిషి ఎక్కడ తగులుతాడో చూసుకోవాలి.

స్టేజి వేలం

బారెట్-జాక్సన్ అనే వేలం కంపెనీ 1971 నుంచి ఉంది. జనవరిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో జరిగే వేలం వాళ్ల పెద్ద పండగ. అక్కడ ఎక్కువ బండ్లు రిజర్వు లేకుండా వెళ్తాయి, అంటే చివరి పాట ఎంతైతే అంతకి ఇచ్చేయాల్సిందే. మీకమ్ అనే ఇంకో వేలం కంపెనీ వాళ్లు జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమీలో, మే నెలలో ఇండియానాపొలిస్‌లో భారీగా నడుపుతారు. అక్కడ రిజర్వు పెట్టుకోవచ్చు. అంటే మీరు ముందే చెప్పిన కనీస ధర రాకపోతే బండి ఇంటికి తెచ్చుకోవచ్చు, ఖర్చులు మాత్రం మీవే.

టీవీలో చూసేది శనివారం సాయంత్రం పాట. మామూలు ఓనరు బండికి వారం మధ్యలో, పొద్దున్నే, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు నంబరు పడే అవకాశమే ఎక్కువ. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఫ్రేమ్ వెల్డింగు ఎంత శుభ్రంగా చేశారో, ఏ షాపులో ఇంజిన్ కట్టించారో చెప్పుకునే వ్యవధి ఉండదు. బండి స్టేజి మీద మెరవాలి, అంతే. అందుకని మొదటి గుంపు బండికి, అదీ మంచి టైము ఇస్తామని వేలం కంపెనీ మాట ఇచ్చినప్పుడు, నేను ఈ దారినే చెబుతాను. రెండో గుంపు బండిని రిజర్వు లేకుండా స్టేజి ఎక్కించడం జూదమే.

ఆన్‌లైన్ వేలం

రెండో గుంపు బండికి నా ఓటు దీనికే. బ్రింగ్ ఎ ట్రైలర్ 2007లో మొదలైంది, 2014 నుంచి సొంతంగా వేలాలు వేస్తోంది, 2020లో హర్స్ట్ కంపెనీ కొనుక్కుంది. పాట మామూలుగా ఏడు రోజులు సాగుతుంది. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకి వెళ్తుంది, కాబట్టి ఆఖరి క్షణంలో ఎగరేసుకుపోవడం కుదరదు. కొన్నవాడు కట్టే 5 శాతానికి ఒక గరిష్ఠ పరిమితి కూడా ఉంది. ఫీజులు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, బండి పంపే ముందు ఒకసారి చూసుకోండి. 1954 నుంచి పాత బండ్ల ప్రకటనలకి పేరుపడ్డ హెమ్మింగ్స్ కూడా ఆన్‌లైన్ వేలాలు నడుపుతుంది, విడిగా మామూలు ప్రకటన కూడా ఇచ్చుకోవచ్చు.

ఇక్కడ మీరు అమ్మేది బండితో పాటు దాని చరిత్ర కూడా. కింద వ్యాఖ్యలు రాసేవాళ్లలో సగంమంది కొనరు, కానీ ఫొటో చూసి ఏ బ్రాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగల ముదుర్లు ఉంటారు. వాళ్లడిగిన ప్రశ్నకి గంటల్లో జవాబిస్తే నమ్మకం పెరుగుతుంది. దాటేస్తే పాట అక్కడే చల్లబడిపోతుంది. ఫొటోలు కనీసం వంద ఉండాలి: బండి కింద భాగం, ఫ్రేమ్ వెల్డింగులు, డ్యాష్‌బోర్డు వెనక వైర్లు, తలుపుల అడుగు, క్యాబ్ మూలలు, బండి గుర్తింపు నంబరుండే విన్ ప్లేటు. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని పొద్దున స్టార్ట్ చేసిన వీడియో, రోడ్డు మీద నడిపిన వీడియో పెట్టండి. పెయింటు మందం కొలిచే గేజుతో తీసిన రీడింగులు కూడా పెట్టేయండి. ఎక్కడ పుట్టీ మందంగా ఉందో దాచాలని చూసినా కొన్నవాడు వచ్చి అదే గేజు పెడతాడు.

ఈ సైటువాళ్లు అన్ని బండ్లనీ తీసుకోరు. రంగు, చక్రాలు మరీ విపరీతంగా ఉంటే తిప్పి పంపొచ్చు. అప్పుడు ఈబే మోటర్స్ ఉంది. కాకపోతే అక్కడ గెలిచినవాడు డబ్బు కట్టకుండా మాయమయ్యే బెడద ఎక్కువ.

షోరూములో కన్సైన్‌మెంటు

బండి షోరూములో పెట్టుకుని, ఫొటోలు తీసి, ఫోన్లు ఎత్తి, అమ్మాక కమిషన్ పట్టుకుని మిగతాది మీకిచ్చే పద్ధతి ఇది. ఉద్యోగం మారి ఊరు వదిలేవాళ్లకి, తండ్రి పోయాక ఆయన బండి ఏం చేయాలో తెలియని పిల్లలకి ఇది నయం. మిగతావాళ్లకి నేను పెద్దగా చెప్పను. ఆ హాల్లో మీ బండి పక్కన ఇంకో వంద బండ్లుంటాయి, సేల్స్‌మన్‌కి ఏది అమ్ముడుపోయినా ఒకటే. కొన్ని నెలలయ్యాక ‘ధర కాస్త తగ్గిద్దాం’ అని ఫోను వస్తుంది.

వెళ్లేటట్టయితే ఒప్పందంలో కమిషన్ శాతం కంటే మిగతా గీతలు జాగ్రత్తగా చదవండి. నెలనెలా అద్దె ఉందా, గడువు తీరకముందే బండి తీసుకుంటే జరిమానా ఉందా, టెస్ట్ డ్రైవ్‌లో గుద్దితే ఎవరి ఇన్సూరెన్సు, అమ్మిన ఎన్ని రోజుల్లో మీ చెక్కు వస్తుంది, ఇవన్నీ రాతలో ఉండాలి. బండి మీదేనని చెప్పే కాగితం టైటిల్. మీరు సంతకం పెట్టి, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలిన టైటిల్‌ని ఎవరి చేతికీ ఇవ్వొద్దు. షోరూము అప్పుల్లో మునిగితే బండీ, డబ్బూ రెండూ చిక్కుకుంటాయి.

నేరుగా

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్టులో పెడితే మొదట వచ్చే సందేశాలన్నీ ‘లాస్ట్ ప్రైస్ ఎంత’, ‘నా బోటుతో మార్చుకుంటావా’ రకమే. ఓపిక ఉండాలి. దానికంటే బండిని జనం దగ్గరికి తీసుకెళ్లడం మేలు. పాత బండ్ల షోలలో అమ్మకానికి విడిగా కార్ కొరాల్ అనే స్థలం ఇస్తారు. టెక్సాస్‌లో ఉంటే ఏప్రిల్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గర జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత బండ్ల సంత, హాట్‌రాడ్ షోలు నడిపే గుడ్‌గైస్ సంస్థ వాళ్ల షోలు ఉన్నాయి. అద్దానికి ధర, ఫోన్ నంబరు అంటించి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, రోజంతా వచ్చి మాట్లాడేవాళ్లు అసలు సిసలు పికప్ పిచ్చోళ్లే. మీ ధర ఎక్కువో తక్కువో సాయంత్రానికల్లా మీకే అర్థమవుతుంది.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. బ్యాంకే రాసిచ్చే క్యాషియర్స్ చెక్కుకి దొంగ నకలు ఇచ్చే మోసం ఇప్పటికీ నడుస్తోంది. బ్యాంకు మీ ఖాతాలో డబ్బు చూపించాక కూడా వారాల తర్వాత చెక్కు నకిలీదని తేలితే ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుంది. కొన్నవాడి బ్యాంకులోనే కలిసి, మీ కళ్లముందు చెక్కు రాయించుకోండి, లేదా బ్యాంకు నుంచి బ్యాంకుకి వైర్ చేసిన డబ్బు మీ ఖాతాలో పడ్డాకే తాళాలివ్వండి. అడిగినదానికంటే ఎక్కువ పంపి, మిగతాది ట్రాన్స్‌పోర్టువాడికి ఇచ్చేయమన్నాడంటే మోసగాడే, ఇంక ఆలోచించక్కర్లేదు. బయానా తీసుకుంటే అది తిరిగి ఇస్తారో లేదో, బండి ఎన్ని రోజులు ఆపుతారో రెండు ముక్కలు రాసి సంతకాలు పెట్టుకోండి.

మూడో గుంపు బండి

సగంలో ఆగిన బండికి నేరుగా అమ్మడమే దారి. వేలంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, షోరూము తీసుకోదు. కొందరు విడగొట్టి అమ్ముతారు: ఎల్ఎస్ ఇంజిన్, గేర్‌బాక్సు ఒకరికి, చక్రాలు ఒకరికి, టైటిల్‌తో సహా క్యాబ్, ఫ్రేమ్ ఇంకొకరికి. మొత్తం కలిపితే బండిగా అమ్మినదానికంటే ఎక్కువ రావచ్చు. కానీ ఖరీదైన భాగాలు మొదటి వారంలోనే పోయి, తుప్పుపట్టిన బెడ్ ఏడాదిపాటు పెరట్లో పడి ఉంటుంది. స్థలం, సమయం రెండూ ఉంటేనే ఆ పని పెట్టుకోండి. తొందరగా వదిలించుకోవాలంటే డీలరు రొక్కం ఇస్తాడు, తన లాభం తీసుకుని మిగిలినదే మీకు దక్కుతుంది.

అసలు బేరం చెడేది కాగితాల దగ్గర

ఏ దారిలో వెళ్లినా ముందు టైటిల్ తీసి బండి పక్కన నిలబడి చదవండి. అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ పద్ధతి 1981 నుంచే వచ్చింది, పాత బండ్లకి చిన్న నంబర్లే ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో ఆ కాలపు బండ్లకి ఇంజిన్ నంబరునే టైటిల్‌లో రాశారు. ఆ ఇంజిన్ ఎప్పుడో తుక్కులోకి పోయి ఉంటే, టైటిల్‌లోని నంబరు బండిలో ఎక్కడా కనిపించదు. రంగు వేసేటప్పుడు విన్ ప్లేటు ఊడదీసి బజారు రివెట్లతో మళ్లీ బిగించినా కొనేవాడికి అనుమానమే. ప్లేటు మార్చడం, నంబరు దిద్దడం నేరం, కాబట్టి ‘మనమే సరిచేద్దాం’ అనుకోవద్దు. రాష్ట్ర మోటారు వాహనాల శాఖ దగ్గర తనిఖీ చేయించి సరైన నంబరు, టైటిల్ తెచ్చుకోవాలి. ఫ్రేమ్ మార్చిన బండినైతే కొన్ని రాష్ట్రాలు పునర్నిర్మిత వాహనంగానో, ప్రత్యేకంగా నిర్మించిన వాహనంగానో రాస్తాయి. అది దోషం కాదు, కానీ ప్రకటనలో ‘1951 షెవ్రొలే’ అని మాత్రమే రాసి ఈ సంగతి దాస్తే అమ్మకం తర్వాత కోర్టు దాకా వెళ్లొచ్చు.

కొత్త మీటరు బిగించినందువల్ల 2,100 మైళ్లే చూపిస్తుంటే, అసలు మైలేజీ తెలియదని రాయండి. ఇంత పాత బండికి ఫెడరల్ ఓడోమీటర్ ప్రకటన నుంచి మినహాయింపు ఉంది గానీ, మీటరు అంకెని మైలేజీగా చెప్పుకునే హక్కు దానివల్ల రాదు.

కొనేవాడు కాలిఫోర్నియా వాడైతే ఒక ఊరట: 1975, అంతకుముందు మోడళ్లకి అక్కడ స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. టైటిల్‌లో ఏడాది 1951 అని శుభ్రంగా ఉండటం అందుకే డబ్బు.

ఇండియాకి పంపేద్దామా అని అడిగేవాళ్లుంటారు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం వీఏ సిరీస్ నంబరు రావాలంటే బండి 50 ఏళ్లు దాటి ఉండాలి, అంతేకాదు చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. హాట్‌రాడ్ అన్నదే మార్పులతో తయారయ్యేది కాబట్టి ఆ తలుపు తెరుచుకోదు. ఆ ఆశ వదులుకోండి.

ధర ఎంత చెప్పాలి?

పెట్టిన ఖర్చు కూడి ధర చెప్పేవాళ్ల బండి ఏళ్ల తరబడి ప్రకటనల్లోనే ఉంటుంది. 80,000 పెట్టి కట్టిన బండి 45,000కి పోవడం ఈ లోకంలో వింతేమీ కాదు. పాట పూర్తయిన ఆన్‌లైన్ వేలాల్లో మీ మోడలు, మీ ఇంజిన్, మీ సస్పెన్షన్ ఉన్న బండ్లు వెతకండి. ఓనర్లు ప్రకటనల్లో అడిగే ధరలు పక్కన పెట్టి, నిజంగా అమ్ముడుపోయినవే చూడండి. అలా అమ్ముడుపోయిన ధరల్లో మధ్యస్థంగా ఉన్నదానికి కాస్త కిందే మీ రిజర్వు పెట్టుకోవాలి. రిజర్వు దగ్గరపడితేనే పాడేవాళ్లకి ఊపు వస్తుంది.

బిల్లులు మాత్రం అన్నీ దాచండి. కొన్న ధరకి బాగుచేయడానికి పెట్టిన ఖర్చు కలిపినదానికంటే ఎక్కువకి అమ్మితే ఆ లాభం మీద పన్ను ఉంటుంది, ఆ ఖర్చుకి సాక్ష్యం ఈ బిల్లులే. నష్టానికి అమ్మితే సొంత వాడకానికి కొన్న వస్తువు కాబట్టి ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోలేరు.

రిజర్వు దాకా పాట రాకపోతే వెంటనే ఇంకో సైటుకి పరిగెత్తకండి. అందరికంటే ఎక్కువ పాడినవాడితో వేలం కంపెనీ ద్వారా మాట్లాడండి. ఒక వెయ్యి, రెండు వేల తేడా అయితే మధ్యలో తెగ్గొట్టుకోవడమే లాభం. విఫలమైన పాట ఆన్‌లైన్‌లో అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చేవాడు దాన్ని చూపించి ఇంకా తగ్గిస్తాడు. అమ్మకం అయిన రోజే ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాటతో బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం) రాసుకుని, బండి చేతులు మారిందని రాష్ట్రానికి తెలపండి. దానికి కాలిఫోర్నియాలో గడువు 5 రోజులు, టెక్సాస్‌లో 30 రోజులు. టెక్సాస్‌లో అయితే నంబరు ప్లేట్లు కూడా ఊడదీసుకోండి, లేకపోతే కొత్త ఓనరు కట్టని టోలు బిల్లులు మీ ఇంటికొస్తాయి.